కెప్టెన్ గారి కనిపించని అతుకు

ఆ ఆదివారం పథకం చాలా చిన్నది. పదింటికి కొనేవాడు వస్తాడు, పడవ చూస్తాడు, పదకొండింటికి కాఫీ తాగుతాడు, భోజనాల వేళకి పడవ అతనిదైపోతుంది. ఆ వారంలోనే లారీ వచ్చి దాన్ని ఎత్తుకుపోతుంది. మర్నాడు పొద్దున ఆ ఇంటి ముందుగది కిటికీలోంచి ఎండ లోపలికి వస్తుంది. ఇంతే. ఇంత చిన్న పథకంలో తప్పు జరగడానికి చోటెక్కడుందని ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉన్నారు.

పడవంటే ఏ చిన్న డింగీయో అనుకునేరు. ఇరవై ఆరు అడుగుల తెరచాప పడవ. ఫైబర్‌గ్లాసుది. వయసు నలభై దాటింది. మూడేళ్ళుగా నీటి చుక్క ఎరగకుండా, పక్కకి ఒరగకుండా ఆనించిన ఆరు ఆనుగొయ్యల మీద, ముందుగది కిటికీకి మూరన్నర దూరంలో అత్తవారింటికొచ్చిన కొత్తల్లుడిలా తిష్ట వేసుక్కూచుంది. ఆ కిటికీ దగ్గరే ఇంటావిడ పని బల్ల. ఆవిడ గడియారాలు బాగుచేస్తుంది. ఆవగింజంత మరలు, వెంట్రుకంత స్ప్రింగులు. పడవ వచ్చి సూర్యుడికి అడ్డం నిలబడ్డాక పట్టపగలు కూడా దీపం వేసుకుని పని చెయ్యాల్సి వచ్చింది. కిందటి నెల కళ్ళ డాక్టరు తేల్చి చెప్పేశాడు. పగటి వెలుగులో చేసుకుంటే సరే, లేదంటే ఏడాది తిరిగేలోగా ఈ పని మానుకోవాల్సిందేనన్నాడు. ఆవిడ ఇంటికొచ్చి ఆ మాట భర్తకి ఒకే ఒక్కసారి చెప్పింది. ఆయన పడవ వంక చూశాడు. ఆవిడ కళ్ళ వంక చూశాడు. "అమ్మేద్దాం" అన్నాడు. అనేశాక నాలుగు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, అది వేరే సంగతి.

ఆ భర్తని వీధివాళ్ళంతా కెప్టెన్ అంటారు. కెప్టెన్ అంటే సముద్రాలు దాటొచ్చినవాడేమీ కాదు. ఆయన పడవ ఎక్కిందీ దిగిందీ ఇంటి ఆవరణలోనే. ముప్పై రెండేళ్ళు ఆసుపత్రిలో కృత్రిమ కాళ్ళు చేశాడు. గుడ్డ మీద రెజిన్ అనే జిగురు పట్టించి, పొర మీద పొర వేసి, ఒంటి రంగు కలిపి, చెయ్యి జారిపోయేంత నునుపు తేల్చేవాడు. ఆయన చేసిన కాలు తొడుక్కుని మనిషి వీధిలో నడుస్తుంటే, పక్కన నడిచేవాడికి అది పెట్టుడు కాలని తెలిసేది కాదు. అదే ఆయన గొప్ప. ఆయన ఏడుపు కూడా అదే. పని బాగుందని మెచ్చుకోవాలంటే ముందు అక్కడ పని జరిగిందని తెలియాలి కదా! ముప్పై రెండేళ్ళలో ఆయన పనిని చూసి ఆహా అన్నవాడు ఒక్కడు లేడు.

ఉద్యోగం నుంచి రిటైరైన మరుసటి వారమే, రాయికి కొట్టుకుని ఎడమ డొక్క చీలిపోయిన ఈ పడవని, విరగ్గొట్టి పారేద్దామనుకుంటున్న వాళ్ళ దగ్గర్నుంచి తెచ్చుకున్నాడు. డొక్కలో కన్నం ఒక మనిషి పాక్కుంటూ దూరిపోయేంత ఉండేది. కాళ్ళకి నేర్చిన విద్యంతా దానికి ధారపోశాడు. మూడేళ్ళకి కన్నం ఆనవాలు కూడా పోయింది, పడవ మిగిలింది.

కొనేవాణ్ణి వెతికి పట్టుకొచ్చింది బావమరిది. ఫర్నిచర్ షాపులో సేల్స్‌మన్ అతను. కుర్చీ అమ్మినా, మంచం అమ్మినా నోరు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో తెలిసినవాడు. పొద్దున్నే వచ్చి కెప్టెన్‌ని ఓ మూలకి లాక్కెళ్ళాడు.

"బావా, నీకు దండం పెడతాను. ఆయన అడిగితే చెప్పు. అడక్కపోతే నోరు విప్పకు."

"అడిగితే మాత్రం నిజమే చెప్తాను."

"చెప్పు, ఎవరొద్దన్నారు? ఒక్క ముక్కలో చెప్పు. నువ్వు రెజిన్ పురాణం మొదలెడితే ఆయనే కాదు, పడవ కూడా లేచి పారిపోతుంది."

లోపల్నుంచి ఇంటావిడ కేకేసింది. "ఏంట్రా మీ గుసగుసలు? వచ్చినాయన చూసుకుంటాడు, నచ్చితే తీసుకుంటాడు. మధ్యలో మీకేం పని?"

"అదే చెప్తున్నానక్కా, బావకి ఏం పని లేదని!"

పదింటికి ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా కొనేవాడు దిగాడు. వంతెనల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. చేతిలో డాక్టరు సంచీ లాంటి సంచీ. అందులోంచి చెక్కపిడి చిన్న సుత్తి, పుల్లకి కట్టిన అద్దం, టార్చి, ఒక నోటుపుస్తకం ఒక్కొక్కటే తీసి వరసగా పేర్చుకున్నాడు.

"నలభై ఏళ్ళు వంతెనల్ని తట్టి చూసినవాణ్ణి. అతుకెక్కడున్నా నా చెవికి చెప్పేస్తుంది" అన్నాడు, తన చెవిని తానే వేలితో చూపించుకుంటూ.

బావమరిది కంగారుగా ముందుకొచ్చాడు. "అంటే... అతుకుంటే తీసుకోరాండీ?"

"అతుకు లేని పాత పడవ ఎక్కడుంటుంది బాబూ? ఉండటం తప్పు కాదు. మంచి అతుకైతే కళ్ళకద్దుకుని తీసుకుంటాను. చెడ్డదైనా సరే, ఎక్కడుందో తెలిస్తే విప్పి మళ్ళీ వేసుకుంటాను. నేను తీసుకోనిది ఒక్కటే. దాచిపెట్టిన అతుకు." ఆయన కెప్టెన్ వైపు తిరిగాడు. "ఇది ఎప్పుడైనా దెబ్బ తిన్నదా?"

"తిన్నది."

ఒక్క ముక్కే! బావమరిది హమ్మయ్య అనుకున్నాడు.

"ఎక్కడ?"

ఎడమ పక్కన అని రెండు మాటలు అనేస్తే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. మీరూ నేనూ ఎవరి పని వాళ్ళం చూసుకునేవాళ్ళం. కానీ కెప్టెన్ ఎదురుగా నలభై ఏళ్ళుగా అతుకులు పట్టడమే పనిగా బతికిన మనిషి, చేతిలో సుత్తితో, నిలబడి ఉన్నాడు. ఇలాంటి అవకాశం మళ్ళీ వస్తుందా? ఆయన మీసం చాటున నవ్వు ఆపుకుని అన్నాడు.

"మీరే కనిపెట్టండి."

బావమరిది నెత్తి కొట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం ముచ్చటపడ్డాడు. "భలేవారే! అలాగే కానివ్వండి" అంటూ చొక్కా చేతులు మడిచి పనిలోకి దిగాడు.

చూడాలి ఆ తట్టడం! గట్టిగా కాదు, నిద్రపోతున్న పిల్లాడి వీపు మీద తట్టినట్టు. టక్, టక్, టక్. పొరలన్నీ కలిసికట్టుగా ఉంటే మోత ఖణీమంటుందట. లోపల పొర విడిపోయినా, అడ్డదిడ్డంగా అతికించినా డొబ్బుమంటుందట. మధ్యమధ్య చెంప పడవకి ఆనించి, ఒంటికన్ను మూసి, ఎండ ఏటవాలుగా పడే చోట ఎత్తుపల్లాలు చూశాడు. కిటికీకీ పడవకీ మధ్యనున్న సందులోకి పొట్ట లోపలికి పీల్చుకుని అడ్డంగా దూరి, ఎడమ పక్కంతా తట్టుకుంటూ పోయాడు. కిటికీ ఊచల ముందు నుంచి ఆయన సంచీ, పొట్ట, సుత్తి వరసగా దాటిపోవడం ఇంటావిడ బల్ల దగ్గర కూచునే చూసింది. ఆయన ఎడమ పక్క ఎక్కడా ఆగలేదు. కెప్టెన్ మీసం దువ్వుకున్నాడు.

కుడి పక్క ముందు భాగంలో ఇన్‌స్పెక్టరు ఆగిపోయాడు.

"దొరికింది!"

అందరూ అక్కడికి పరిగెత్తారు. "వినండి. టక్, టక్... డొబ్. విన్నారా? ఇటు చూడండి, గుడ్డ నేత పైకి తేలిపోయింది. ఇదిగో ఇక్కడ సొట్ట. ఏ పుణ్యాత్ముడు చేశాడో గానీ చెయ్యి తిరగనివాడి పని."

కెప్టెన్ మొహం వెలిగిపోయింది. "ఇంకా?"

"ఇంకా ఏమిటి?"

"ఇంకా ఏమేం తప్పులున్నాయి? మొహమాటపడకండి, చెప్పండి."

ఇన్‌స్పెక్టరు ఇంకో నాలుగు తప్పులు చెప్పాడు. ఒక్కో తప్పుకీ కెప్టెన్ సన్మానంలో దండ వేయించుకుంటున్నవాడిలా తల వంచి విన్నాడు. అంతా అయ్యాక నెమ్మదిగా అన్నాడు. "అది నా పని కాదండీ. పడవ చేసిన ఫ్యాక్టరీవాడి పని. అది పుట్టుకతోనే అంత. నేను వేసిన అతుకు ఎడమ పక్కనుంది. ఇందాక మీరు దాటుకుంటూ వెళ్ళిపోయారే, అక్కడ."

ఇన్‌స్పెక్టరు మళ్ళీ పొట్ట పీల్చుకుని సందులో దూరాడు. ఈసారి అరగంట. వచ్చేటప్పటికి చొక్కా నిండా సున్నం, మొహం నిండా అనుమానం.

"అక్కడ అతుకు లేదు."

"ఉందండీ."

"లేదండీ. అది ఒకే ముక్కగా పోతపోసిన పని. ఇంటి ముందు కూచుని చేత్తో ఎవరూ చెయ్యలేరు."

కెప్టెన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై రెండేళ్ళుగా ఎవరో ఒకరి నోట వినాలని ఆయన తపించిన మాట ఇది. "ఆ చివరి మాట ఇంకోసారి అనండి" అని అడిగాడు కూడా. అప్పుడు చూశాడు, ఇన్‌స్పెక్టరు మొహంలో నవ్వు లేదు.

"కెప్టెన్ గారూ, నా చెవిలో పువ్వులు పెట్టకండి. కుడి పక్క చెత్త అతుకు పెట్టుకుని, ఎడమ పక్క కంపెనీ పనిని చూపించి ఇది నేను చేశానంటున్నారు. దాచడమంటే ఇదే. దాచిన పడవ నేను తీసుకోను."

బావమరిదికి పై ప్రాణాలు పైనే పోయాయి. పనివాడు బాగా చేయకపోతే బేరం చెడటం అతనికి తెలుసు. బాగా చేసినందుకు చెడటం ఇదే మొదటిసారి. "సాక్ష్యాలున్నాయండీ! ఫొటోలున్నాయి! నేనే దగ్గరుండి తీయించాను!" అంటూ లోపలికెళ్ళి ఆల్బమ్ పట్టుకొచ్చాడు.

ఫొటోలు నిజంగానే ఉన్నాయి. మొదటి దాంట్లో బావమరిది ఎర్ర చొక్కాతో పడవ ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. రెండో దాంట్లో నీలం చొక్కా. మూడో దాంట్లో నల్లకళ్ళద్దాలు. పదకొండు ఫొటోల్లోనూ సరిగ్గా కన్నానికి అడ్డంగా అతనే ఉన్నాడు. పన్నెండోది మాత్రం గొప్పది. కన్నంలోంచి తల బైటపెట్టి నవ్వుతున్నాడు. అయితే దగ్గర్నుంచి తీయడంతో తల చుట్టూ తెల్లరంగు తప్ప ఇంకేమీ లేదు.

"ఇది ఏ పక్క?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"ఎడమ పక్కేనండీ."

"కుడి పక్కైతే ఎలా ఉంటుంది?"

బావమరిది ఫొటోని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఇలాగే ఉంటుందండీ" అని ఒప్పుకున్నాడు.

"నీ మొహం తప్ప లోకంలో ఇంకేం కనపడకూడదట్రా?" అని కెప్టెన్ అతని మీద విరుచుకుపడ్డాడు. తర్వాత ఇన్‌స్పెక్టరుని పడవలోకి ఎక్కించాడు. బయట ఎంత నునుపు చేసినా, లోపలి వైపు అతుకు ముద్దముద్దగా కనిపిస్తుంది, ఎవరూ అక్కడ నునుపు చెయ్యరు. పాత పడవ కొనేవాళ్ళు ముందు చూసేది అక్కడే. ఇన్‌స్పెక్టరు టార్చి వేసి, పుల్లకి కట్టిన అద్దం మూలమూలకీ తిప్పి చూశాడు. ఎడమ పక్క లోపలంతా గాజుపలకలా ఉంది.

"చూశారా? అతుకే ఉంటే లోపల తెలియాలి కదా!"

"తెలియకుండా చేశానండీ."

"లోపలెందుకండీ? అక్కడెవరు చూస్తారు?"

కెప్టెన్ తడబడ్డాడు. "పెట్టుడు కాలికి బయటకన్నా లోపలే ముఖ్యమండీ. లోపల ఇసుకరేణువంత గరుకున్నా మనిషికి పుండు పడుతుంది. అలా చెయ్యడమే అలవాటు."

"పడవకి పుండు పడుతుందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఇక మిగిలింది ఒకటే దారి. కెప్టెన్ లోపలికెళ్ళి, గుండ్రంగా తొలిచే బిట్టు బిగించిన డ్రిల్లు పట్టుకుని బయటికొచ్చాడు. బావమరిది కాళ్ళకి అడ్డం పడ్డాడు. "బావా, వద్దు! అమ్మే పడవకి ఎవరైనా కన్నాలు పెడతారా?"

"తప్పుకోరా. నాణెమంత బిళ్ళ కోసి చూపిస్తాను. ఫ్యాక్టరీది తెల్లటి పీచు, కలగాపులగంగా ఉంటుంది. నాది నేసిన గుడ్డ, పద్నాలుగు పొరలు, తేనె రంగు. గుడ్డివాడికైనా తెలుస్తుంది."

సందులో దూరి, రెండో ఆనుగొయ్యకి జానెడు పక్కగా గురి చూసి తొలిచాడు. బిళ్ళ ఊడి చేతిలో పడింది. తెల్లటి పీచు.

కెప్టెన్ దాన్ని తిప్పి చూశాడు, ఊది చూశాడు. తెల్లటి పీచే. అప్పుడు గుర్తొచ్చింది, రంగు వేసేటప్పుడు ఆనుగొయ్యల కింద తెల్లమచ్చలు మిగలకూడదని ఆ కొయ్యలన్నిటినీ తలా కాస్త జరిపాడు. రెండో కొయ్య ఇప్పుడు రెండో కొయ్య ఉండాల్సిన చోట లేదు. ఇంకో జానెడు జరిగి మళ్ళీ తొలిచాడు. తెల్లటి పీచు. పడవని చేత్తో తడిమాడు, గోటితో గీకాడు, చెంప ఆనించి చూశాడు. ఎక్కడా చిన్న గీత లేదు, గుర్తు లేదు. ఆయన అతుకు ఆయనకే దొరకలేదు! మూడో కన్నం పెట్టాడు. మళ్ళీ అదే.

"మూడు" అని లెక్కపెట్టాడు బావమరిది ఏడుపుగొంతుతో.

ఇన్‌స్పెక్టరుకి జాలి వేసింది. మంచి మనిషే పాపం. కెప్టెన్ భుజం మీద చెయ్యి వేశాడు. "పోనివ్వండి. పెద్దవాళ్ళం, మనలో మనకి పంతాలెందుకు? నాకు పడవ నచ్చింది. ఒక్క మాట చెప్పండి చాలు. ఆ కుడి పక్క అతుకు నేను వేసిందే, చేతకాక అలా వచ్చింది అనండి. దాచినట్టు కాకుండా పోతుంది. నేను విప్పి బాగుచేసుకుంటాను. పడవ ఈరోజే తీసుకుంటాను."

బావమరిది ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అనెయ్ బావా! ఒక్క మాట! నోటి మాటేగా, అనెయ్!"

కెప్టెన్ కుడి పక్క ఉన్న ఆ సొట్టల పని తలచుకున్నాడు. అది నాదే అనాలి. పెట్టుడు కాలిని అసలు కాలనిపించిన చెయ్యి ఆ మాట అనాలి. ఆయన కిటికీ వంక చూశాడు. పదకొండున్నరకి, బయట ఎండ మండిపోతుంటే, లోపల ఆవిడ దీపం కింద ముక్కు బల్లకి ఆనేంతగా వంగి కూచుని ఉంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"అవునండీ" అన్నాడు. "ఆ కుడి పక్క అతుకు... నేను..."

"ఆగండి."

కిటికీ లోపల్నుంచి వచ్చింది ఆ మాట. ఇంటావిడ చేతిలోని చిన్న పట్టకారు పక్కన పెట్టింది. కంటికి బిగించుకున్న భూతద్దం నుదుటి మీదికి నెట్టింది. పొద్దుట్నుంచి ఆ సందులో రెండుసార్లు దాటిన పొట్టనీ, మూడు కన్నాల రొదనీ ఓర్చుకున్న మనిషి, ఇప్పుడు ఊచలు పట్టుకుని నిలబడింది.

"ఆ చెత్త పని మా ఆయనదంటారా? ఎవరండీ మీరు అనడానికి?"

"అక్కా, నువ్వూరుకో! బేరం కుదిరింది!"

"నువ్వు నోర్మూసుకోరా. కుదరకపోతే పోనీ. కళ్ళు పోతే పోనీ." ఆవిడ ఊచల్లోంచి కెప్టెన్ వేళ్ళు చూపించింది. "మూడేళ్ళు ఆయన వేళ్ళ చివర్లు కాలిపోతే నేను నూనె రాశాను. ఆ కుడి పక్క సొట్టలు ఆయన నెత్తిన వేస్తే వచ్చే వెలుగు నాకొద్దు."

ఆవిడ మళ్ళీ తన ముక్కాలిపీట మీద కూచుంది. వీపు నిటారుగా పెట్టి, రోజూ పని మొదలెట్టేముందు కూచున్నట్టే సర్దుకుని, ఎడమ కన్ను మూసింది.

"మీరు కన్నం మూయడానికి పదకొండు నెలలు పట్టింది. గుర్తుందా? ఆ పదకొండు నెలలూ పొద్దున తొమ్మిదింటికి సూర్యుడు ఆవలి పక్క క్యాబిన్ కిటికీలో దూరి, ఈ పక్క కన్నంలోంచి బైటికొచ్చి నా బల్ల మీద పడేవాడు. అరగంట. ఆ అరగంటలోనే సన్నపని అంతా చేసుకునేదాన్ని. నేనిక్కడ కూచుంటే ఆ కన్నం రెండో ఊచకీ మూడో ఊచకీ మధ్య, అడ్డపట్టీకి బెత్తెడు కింద ఉండేది. డ్రిల్లు పట్టుకోండి. కొంచెం పైకి. ఇంకా. ఇప్పుడు తోకవైపు. చాలు, చాలు. అక్కడ."

కెప్టెన్ డ్రిల్లు పెట్టలేదు. ఆవిడ వంకే చూస్తున్నాడు. "మూసేసిన రోజున చెప్పలేదేమే?"

"ఆ రోజు మీ మొహం మీరు చూసుకోలేదు. నేను చూశాను. ఎలా చెప్తాను?" అంది ఆవిడ విసుగ్గా. "ముందు తొలవండి."

తొలిచాడు. నాలుగో బిళ్ళ ఊడి చేతిలో పడింది. తేనె రంగు. ఇన్‌స్పెక్టరు దాన్ని లాక్కున్నంత పని చేసి ఎండలో పట్టాడు. సరిపోక, ఇంటావిడ ఊచల సందులోంచి అందించిన భూతద్దం కంటికి బిగించుకుని అంచు మీద పొరలు లెక్కపెట్టాడు. పద్నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాడు. పద్నాలుగే. ఒక్క బుడగ లేదు, ఒక్క పొర అటూ ఇటూ కాలేదు.

నలభై ఏళ్ళు ఏ అతుకు చేతిలోనూ ఓడిపోని మనిషి సుత్తి సంచీలో పెట్టేశాడు. నోటుపుస్తకం తీసి ఏదో రాసి, ఆ కాగితం చింపి కెప్టెన్ చేతిలో పెట్టాడు. దాని మీద ఇలా ఉంది: "ఎడమ పక్క పెద్ద మరమ్మతు ఉంది. నేను రెండుసార్లు తట్టి చూసినా కనిపెట్టలేకపోయాను." కింద సంతకం, తేదీ. కెప్టెన్ దాన్ని మూడుసార్లు చదివాడు. నాలుగోసారి చదవబోతే కళ్ళు మసకబారి అక్షరాలు కనపడలేదు. ఆయన సంతోషం చూసి ఇంటావిడ గర్వంగా ముక్కు చీదింది. బావమరిది అందరికన్నా ముందు ఏడవడం మొదలుపెట్టాడు, అతని సంగతి వదిలేయండి.

"పడవ నాది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కుడి పక్క సొట్టలతో సహా. కానీ ఒక షరతు. ఆ మూడు కన్నాలూ మీరే మూయాలి, నాకు దొరక్కూడదు. నాలుగోది మాత్రం రంగు లేని రెజిన్‌తో మూయండి, లోపలి పొరలు కనపడేలా. నా తర్వాత కొనేవాడు వచ్చి అతుకు లేదని దెబ్బలాటకి దిగితే, నాకు ఇలాంటి ఇంటావిడ లేదు."

వారంలో పని అయిపోయింది. లారీ వచ్చిన రోజు ఇన్‌స్పెక్టరు సుత్తితో పావుగంట వెతికి, మూడు కన్నాల్లో ఒక్కటీ దొరక్క, దండం పెట్టి పడవ ఎక్కించుకుపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా కెప్టెన్ చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఎండ ఊచలు దాటి, బల్లంతా పరుచుకుని, గోడ దాకా పాకింది. ఇంటావిడ మూడేళ్ళ తర్వాత మొదటిసారి దీపం ఆర్పేసి కూచుంది. ఒక్క ఉదయంలో నాలుగు గడియారాలు బాగుచేసింది.

ఐదో గడియారం విప్పుతుండగా బల్ల మీద నీడ పడింది. తలెత్తి చూస్తే కిటికీ అవతల కెప్టెన్. పడవ పోయాక ఆయనకి ఆవరణలో పనేమీ లేదు. గడియారం ఇవ్వడానికొచ్చిన మనిషిని ఆపి, ఒక చేతిలో తేనె రంగు బిళ్ళ, ఇంకో చేతిలో ఇన్‌స్పెక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుని మొదట్నుంచీ చెప్తున్నాడు. "కాస్త జరగండి" అంది ఆవిడ. జరిగాడు. తర్వాతి మనిషి రాగానే కెప్టెన్ మళ్ళీ అక్కడికే వచ్చాడు. సాయంత్రం దాకా అంతే. మర్నాడూ అంతే. పద్నాలుగు పొరల దగ్గరికొచ్చేసరికి ఆయన చేతులు రెండూ బార్లా చాపేవాడు, కిటికీ పూర్తిగా మూసుకుపోయేది. ఆ కథ వినడం ఆవిడకీ ఇష్టమే. చెప్పేటప్పుడు ఆయన మొహం చూడటం ఇంకా ఇష్టం. కానీ డాక్టరు చెప్పింది వెలుగు గురించి కదా.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ మళ్ళీ దీపం వేసుకుని, తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఇంకెవరైనా కొనేవాళ్ళుంటే చూడరా. ఈసారి అమ్మేది పడవ కాదు."